సముద్రపు ఒడ్డున సంధ్యాదీపం



సాయంకాలం దీపాల వేళ అయ్యేసరికి, చేతిలో ఎన్ని పనులున్నా ఆపి, వాకిలి చిమ్మి, కాళ్ళూ మొహం కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టడం మనందరికీ అలవాటే. కరెంటు దీపాలు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. "ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు" అన్నామంటే అక్కడ మనుషులే మిగల్లేదని అర్థం. దీపం వెలుగుతోందంటే దాన్ని వెలిగించే మనిషి ఒకరు వున్నారన్నమాట. ఇవాళ నేను మీతో చెప్పబోయేది అటువంటి ఒక దీపం సంగతి. అయితే అది ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఊరి చివర, సముద్రపు ఒడ్డున, ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం తెల్లవార్లూ వెలిగే దీపం. కళింగపట్నం లైట్‌హౌసు. పుస్తకాల్లో దీపస్తంభం అని రాస్తారు.

ఇటువంటి దీపం మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. కార్తీకమాసంలో గుళ్ళో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు కదా. పితృదేవతలకు దారి కనిపించడానికని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ నెల దాటిన మర్నాడు, పోలిపాడ్యమినాడు తెల్లవారకుండానే అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతాం. ఎత్తున కట్టే దీపం, నీటి మీద వదిలే దీపం, రెండూ మన చేతులకు తెలిసినవే. ఆ రెంటినీ కలిపి ఆలోచిస్తే దీపస్తంభం అర్థమైపోతుంది.

ఇక మా ప్రయాణం సంగతి. మాది కాశీబుగ్గ. మా వీధిలో ఆడవాళ్ళం అప్పుడప్పుడూ కలిసి ఒకరోజు ప్రయాణాలు పెట్టుకుంటూ వుంటాం. సాధారణంగా గుడి దర్శనంతో సరిపోతుంది. ఈసారి గుడితోపాటు దీపస్తంభం కూడా చూద్దామని బయల్దేరాం. టెక్కలి, నరసన్నపేట దాటి, మడపాం దగ్గర వంశధార వంతెన మీదుగా శ్రీకాకుళం చేరాం. దూరంనుంచి రైల్లో వచ్చేవాళ్ళు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో, అంటే ఆమదాలవలసలో దిగాలి. శ్రీకాకుళం ఆనుకునే అరసవల్లి. అక్కడ సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, గార మండలంలోకి వెళితే శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ చుట్టుపక్కలే. పొద్దున్నే బయల్దేరితే నాలుగూ ఒక్కరోజులో చూడవచ్చు. పొద్దున్న వెలుగుకే దేవుడైన సూర్యుణ్ణి చూసి, సాయంకాలానికి మనుషులు వెలిగించిన దీపం దగ్గరికి చేరడం మాకెంతో బాగుందనిపించింది.

శాలిహుండం చూడకుండా నేరుగా సముద్రానికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అలా వెళ్ళకండి. వంశధార దక్షిణపు గట్టున కొండ మీద పాతకాలపు బౌద్ధ స్తూపాలూ, చైత్యాలూ వున్నాయి. తవ్వకాల్లో అక్కడ తార, మారీచి వంటి దేవతల విగ్రహాలు దొరికాయి. తార అంటే దాటించే తల్లి. ఎనిమిది మహాభయాలనుంచి కాపాడుతుందని బౌద్ధులు నమ్మిన దేవత. ఆ ఎనిమిదింటిలో నీటిగండం కూడా ఒకటి. అందుకే ఓడల మీద వెళ్ళే వర్తకులు ఆవిడను కొలిచేవారట. ఆ కొండ మీద నిలబడితే కింద వంశధార, దూరాన సముద్రం కనిపిస్తాయి. ఏటి నోట, సముద్రానికి ఎదురుగా, దాటించే తల్లిని పెట్టుకున్నారంటే ఈ నీళ్ళ మీద రాకపోకలు ఈనాటివి కావని వేరే చెప్పాలా?

వంశధార ఒరిస్సా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీపస్తంభం దగ్గర నిలబడితే ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం. నేల కొంగుచివరలా సన్నబడి నీళ్ళలోకి వెళ్ళినట్టుంటుంది. మనవైపు సరుగుడు తోటలు, కొబ్బరిచెట్లు. సముద్రంవైపు ఇసుక మీద తెప్పలు, పడవలు, ఆరబెట్టిన వలలు. చూడటానికి అందమైన చోటే. కాని ఆ అందానికి వెనక ఒక పెద్ద రేవు వైభవం వుంది.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో కళింగపట్నం పేరున్న రేవు. అయితే మన విశాఖపట్నంలో మాదిరి ఓడ వచ్చి గట్టుకు ఆనుకునే వసతి ఇక్కడ లేదు. ఓడలు దూరంగా లోతునీళ్ళలో లంగరు వేసుకుని ఆగేవి. సరుకులూ, మనుషులూ ఒడ్డుకు రావాలంటే మసూలా పడవలే దిక్కు. ఆ పడవల తయారీ మనం తప్పకుండా తెలుసుకోవాలి. పలకలకు మేకులు కొట్టరు. కొబ్బరిపీచు తాళ్ళతో కుడతారు. అవును, బట్ట కుట్టినట్టే. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు బిరుసుగా నిలిచి పగిలిపోతే, కుట్టిన పడవ దెబ్బకు కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. మా ఉద్దానంలో కొబ్బరితోటలు ఎక్కువ. పీచు తీయడం, తాడు పేనడం మాకు చిన్నప్పటినుంచీ కళ్ళముందు జరిగే పని. ఆ పీచుతాడు ఒకప్పుడు సముద్రపు అలల్ని తట్టుకుందని తెలిస్తే, చేదకు కట్టిన తాడును చూసినా గౌరవం కలుగుతుంది.

ఆ రేవు ఎందుకు పోయింది? 1890లలో మన తీరం వెంట రైలు వచ్చింది. సరుకు రైలెక్కింది. 1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైంది. అక్కడ ఓడ లోపలికే వచ్చి ఆగుతుంది. ఇక్కడ అలల్లో పడవలు నడిపే కష్టం ఎవరికి కావాలి? క్రమంగా వర్తకం తగ్గి, రేవు మూతపడింది. గిడ్డంగులూ, కచేరీలూ పనిలేనివయ్యాయి. దీపం మాత్రం మిగిలింది. ఎందుకంటే రేవుకు రాని ఓడలు కూడా ఈ తీరం పక్కనుంచే వెళ్ళాలి. వాటికి తాము ఎక్కడున్నామో తెలియాలి.

దీపస్తంభం ఎక్కడమంటే కొంచెం ఓపిక కావాలి. మెలికలు తిరిగిన మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తొందరపడకుండా ఆగి ఆగి ఎక్కండి. చీరకుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకోండి, చేతిలో సంచులు కిందే వుంచండి. పైన గాలి చూడాలి! జడలో పువ్వులు నిలవవు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ, ఎనిమిది మంది పిల్లల్ని పెంచిన మనిషి, కటకటాలు పట్టుకుని అలా చూస్తూ "అయ్యో, సముద్రం ఇంత వుందా!" అంది. రోజూ సముద్రపు చేప వండే ఇల్లు ఆవిడది. ఒడ్డున నిలబడి చూడటమే తప్ప ఎప్పుడూ పైనుంచి చూడలేదు.

ఆవిడ మాటలో పెద్ద నిజం వుంది. భూమి గుండ్రంగా వుందని మన పిల్లలు బడిలో చదువుతారు. దీపస్తంభం మీద అది కంటితో తెలుస్తుంది. ఒడ్డున ఇసుకలో నిలబడితే మన కంటికి ఆనే సముద్రం నాలుగైదు కిలోమీటర్లే. ఆపైన నీరు వంపు తిరిగి కిందికి జారిపోతుంది. అదే 25 మీటర్ల ఎత్తుకు, అంటే ఎనిమిదంతస్తుల మేడ ఎత్తుకు ఎక్కితే సుమారు 18 కిలోమీటర్లు కనిపిస్తుంది. మరి 100 మీటర్లు ఎక్కితే? నాలుగింతల ఎత్తుకు దూరం రెండింతలే పెరుగుతుంది, 36 కిలోమీటర్లు. మనకు ఎంత దూరం కనిపిస్తుందో అంత దూరంనుంచి దీపం కూడా నీళ్ళ మీదివాళ్ళకు కనిపిస్తుంది. ఓడ మీది మనిషి కూడా ఎత్తున నిలబడితే ఇంకా ముందే కనిపిస్తుంది. దీపాన్ని ఎత్తున పెట్టడం అందుకోసం. ఆకాశదీపాన్ని ధ్వజస్తంభం చివరికి లాగినవాళ్ళకు ఈ లెక్క తెలియదంటే నేను నమ్మను.

ఇక ఆ దీపం వెలిగించే పని. వింటే అచ్చం మన ఇంటిపనే అనిపిస్తుంది. మన దక్షిణాదిలో పేరుమోసిన పాత దీపం చెన్నపట్నంలోది. 1796లో అక్కడి కోటలో ఒక మేడ మీద పెద్ద దీపం పెట్టారు. దాంట్లో పోసిన నూనె ఏమిటనుకున్నారు? కొబ్బరినూనె! మనం తలకు రాసుకునే నూనెతో ఓడలకు దారి చూపించారు. తరవాత కిరసనాయిలు వచ్చింది, తరవాత కరెంటు, ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు. నూనె కాలంలో కాపలాదారు పని ఏమిటంటే, సాయంకాలం కాగానే వత్తి కత్తిరించి వెలిగించాలి. రాత్రి మధ్యలో లేచి నూనె చూసుకోవాలి. మసి పట్టకుండా గాజు తుడవాలి. పొద్దున్నే ఇత్తడి సామానంతా తళతళలాడేట్టు తోమాలి. మర్నాడు మళ్ళీ అదే. సెలవు లేదు, పండగ లేదు. ఇది మనకు తెలియని ఉద్యోగమా చెప్పండి?

దీపం చిన్నదైనా వెలుగు అంత దూరం పోవడానికి కారణం అద్దాలు. వెనకటికి గోడదీపం వెనక తళుకు రేకు పెట్టేవాళ్ళు గుర్తుందా? వెనక్కి పోయే వెలుగును ముందుకు తిప్పడానికి. అదే సూత్రాన్ని చాలా పైకి తీసుకువెళ్ళినవాడు ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు. నిలువెత్తు గాజుదిమ్మ చేస్తే బరువు మొయ్యలేం కదా. అందుకని గాజును ఉంగరాలుగా, ఒకదాని చుట్టూ ఒకటి అమర్చి, నాలుగు దిక్కులకూ చెదిరిపోయే వెలుగును ఒక్క బద్దగా చేసి పంపించాడు. 1823లో ఫ్రాన్సులో మొదటిసారి దీపస్తంభంలో పెట్టారు. ఆ తరవాత ప్రపంచమంతా పాకింది. ఇంకో సంగతి వినండి. పగటిపూట ఆ గాజుకు పరదాలు కడతారు. లేకపోతే ఎండ ఆ గాజులోంచి ఒక్కచోట పడి నిప్పంటుకుంటుంది. రాత్రికి తోడుగా వుండే గాజును పగలు కనిపెట్టుకుని వుండాలన్నమాట.

దీపస్తంభం దీపం ఊరికే వెలగదు, తిరుగుతూ మెరుస్తుంది. దూరంనుంచి చూసేవాళ్ళకు వెలుగు, చీకటి, మళ్ళీ వెలుగు. ఆ మెరుపులకు లెక్క వుంటుంది. ఎన్ని మెరుపులు, ఎన్ని క్షణాలకొకసారి అన్నది ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క తీరు. చుట్టుపట్ల దీపాలు ఏ రెండూ ఒక్కలాగా మెరవవు. పడవ మీదివాళ్ళు క్షణాలు లెక్కపెట్టుకుని "ఇది కళింగపట్నం" అనో, "ఇది ఇంకొకటి" అనో చెప్పేయగలరు. వీధిలో పది ఇళ్ళున్నా ఎవరి వాకిట ముగ్గు ఎవరిదో మనం పోల్చుకోమూ? అలాగన్నమాట. పగలు దీపం కనబడదు గనక స్తంభానికి పట్టీలూ, రంగులూ వేస్తారు. పగలు రంగు, రాత్రి మెరుపు. రెండు పూటలా దానికి ఒక పేరు వున్నట్టే.

దీపం అంటే "రండి" అని పిలిచేదనే మనం అనుకుంటాం. సముద్రం మీద "ఇటు రావద్దు" అని చెప్పే దీపాలు కూడా వున్నాయి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి దగ్గర కొండ మీద ఒక దీపస్తంభం వుంది. ఇంగ్లీషువాళ్ళ పుస్తకాల్లో దాని పేరు శాంటాపిల్లి. 1847లో పెట్టారు. భీమునిపట్నం రేవుకు వెళ్ళే ఓడలు అక్కడి సముద్రంలో దాగున్న రాళ్ళకు కొట్టుకుని పోకుండా హెచ్చరించడం దాని పని. మన తెలుగుతీరంలో పాతకాలపు దీపాల్లో అది ఒకటి. బిడ్డను రమ్మని పిలవడం ఎంత ప్రేమో, పొయ్యి దగ్గరికి రావద్దని కసరడం కూడా అంతే ప్రేమ కదా.

అయితే దీపం అన్ని గండాలనూ తప్పించలేదు. మా ఉద్దానం వైపు బారువ కూడా ఒకప్పటి రేవే. మహేంద్రతనయ అక్కడే సముద్రంలో కలుస్తుంది. 1917లో చిల్కా అనే ఓడ మంటలంటుకుని ఆ తీరంలో మునిగిపోయింది. దాని శకలాలు ఇప్పటికీ నీటి అడుగున వున్నాయి. ఇక తుపానుల సంగతి మాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్ళకు ఊళ్ళు చీకట్లో వున్నాయి. ఒక్క దీపం కనబడితే ప్రాణం ఎలా లేచివస్తుందో ఆ రాత్రుల్లో అందరికీ తెలిసింది.

దీపస్తంభాలు మగవాళ్ళ పని అనుకోకండి. ఇంగ్లండు తీరంలో లాంగ్‌స్టోన్ అనే రాతిదీవి మీద గ్రేస్ డార్లింగ్ అనే అమ్మాయి వుండేది. తండ్రి దీపం కాపలాదారు. 1838 సెప్టెంబరులో పెద్ద గాలివానలో ఒక ఓడ రాళ్ళకు కొట్టుకుని పగిలింది. ఆ అమ్మాయి తండ్రితో కలిసి చిన్న పడవ వేసుకుని ఆ అలల్లోకి వెళ్ళింది. తొమ్మిదిమంది బతికారు. అమెరికాలో న్యూపోర్టు దగ్గర ఐడా లూయిస్ అని ఇంకొక ఆవిడ. తండ్రికి పక్షవాతం వస్తే తల్లీ కూతురూ కలిసి దీపం చూసుకున్నారు. దీపం పనీ చేసింది, ఇంటిపనీ చేసింది, మునిగిపోయేవాళ్ళను పడవేసుకుని వెళ్ళి బయటికి లాగింది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన తరవాత 1879లోగాని ఆ ఉద్యోగం ఆవిడ పేరు మీద రాయలేదు. 1911లో చనిపోయేదాకా దీపం వదల్లేదు. పని ముందు, పేరు తరవాత. ఇదీ మనకు తెలిసిన కథే.

సరే, ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడు దీపంతో పనేమిటి అని అడగవచ్చు. నిజమే. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో పడవ ఎక్కడుందో చెప్పే యంత్రాలు వచ్చాయి. సెల్‌ఫోన్లు వచ్చాయి. కాని యంత్రానికి బ్యాటరీ కావాలి, ఉప్పునీళ్ళు తగలకూడదు, కొనడానికి డబ్బుండాలి. దీపానికి ఇవేవీ అక్కర్లేదు. చూసే కన్ను వుంటే చాలు. చిన్న తెప్ప మీద వేటకెళ్ళినవాడికీ, పెద్ద ఓడ నడిపే కప్తానుకూ ఒకే వెలుగు. అందుకే మన ప్రభుత్వం దీపస్తంభాలను ఇప్పటికీ నడుపుతోంది. 1927లో చేసిన చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం కూడా తెచ్చింది.

కళింగపట్నం ఒడ్డున చేపలు అమ్మే ఒకావిడతో కాసేపు మాట్లాడాను. రాత్రిపూట వేటకెళ్ళినవాళ్ళు ఈ దీపం చూసుకునే వస్తారా అని అడిగాను. "వచ్చేవోళ్ళకి దీపం అగుపిస్తాదమ్మా. మావోళ్ళు గుజరాతులో వుంటే ఏటగుపిస్తాది?" అంది. నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

ఆవిడ అన్నమాట అర్థం కావాలంటే మన జిల్లా సంగతి కొంచెం చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం వుంది. ఇంత తీరముండి కూడా, పెద్ద పడవలు ఆగడానికి తగిన వసతి లేక, మన మత్స్యకారులు ఎంతో దూరాన వున్న గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వెళ్ళి అక్కడివాళ్ళ పడవల మీద కూలికి వేట చేస్తారు. నెలల తరబడి అక్కడే. 2018 నవంబరు చివర అలా వెళ్ళినవాళ్ళు సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకున్నారు. అందులో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో వున్నారు. 2020 జనవరి 6న వారిలో 20 మందిని వాఘా సరిహద్దు దగ్గర మన దేశానికి అప్పగించారు. 2025లో వచ్చిన "తండేల్" సినిమాకు ఆధారం ఆ సంఘటనే. మీలో చాలామంది చూసే వుంటారు.

సినిమాలో కథ రెండున్నర గంటల్లో ముగుస్తుంది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళకు అది పదమూడు నెలల పైమాట. పిల్లల బడి, అప్పులవాళ్ళు, అత్తమామల మందులు, వీటన్నిటి మధ్య వాళ్ళు అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. ఇంట్లో దీపం పెట్టారు, బయట గొంతెత్తారు. నడిసముద్రంలో గీత వుండదు. పగలైనా కనబడదు, రాత్రయితే చెప్పేదేముంది? సొంత తీరంలో వేట చేసుకునేవాడికి ఎదురుగా తన ఊరి దీపం వుంటుంది. పరాయి తీరంలో కూలివాడికి యజమాని చెప్పిన దిక్కే దిక్కు.

నేను ఈ ప్రసంగంలో మీతో చెప్పదలచుకున్న అసలు మాట ఇది. దీపం ఒక్కటీ వుంటే చాలదు. ఆ దీపం చూసుకుని ఇంటికి తిరిగిరాగలిగే బతుకు కూడా మనుషులకు వుండాలి. మన తీరానికి చేపలరేవులు కావాలని మత్స్యకారులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పెద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడలు రావడం మంచిదే. తెప్పలకూ, చిన్న పడవలకూ కూడా అందులో చోటు దొరకాలి. ఇది మగవాళ్ళు తేల్చుకోవలసిన రాజకీయం అని మనం ఊరుకోనక్కర్లేదు. బజారులో చేప ధర అడిగే మనకు, ఆ చేప పట్టినవాడు ఏ తీరాన పడుకుంటున్నాడో అడిగే హక్కు కూడా వుంది.

చివరగా, చూడటానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను. దీపస్తంభాల్లో పైకి ఎక్కనిచ్చే వేళలు సాధారణంగా సాయంకాలం పూటే వుంటాయి. ముందుగా కనుక్కుని వెళ్ళండి. పులిహోర, దద్దోజనం కట్టుకువెళితే హాయి. మా పలాస జీడిపప్పు రెండు గుప్పిళ్ళు వేయించి తీసుకువెళితే పిల్లలు గోల చెయ్యరు. తాగే నీళ్ళు మాత్రం మరిచిపోకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఏరు సముద్రంలో కలిసే చోట స్నానాలకు దిగవద్దు. పైకి నీరు నిదానంగా కనిపిస్తుంది. అడుగున ఏటి ఒరవడి ఒకవైపు, సముద్రపు ఆటుపోటు ఒకవైపు లాగుతూ వుంటాయి. కాళ్ళకింద ఇసుక ఎప్పుడు జారుతుందో తెలియదు. కార్తీక వనభోజనాలకు వెళ్ళినప్పుడు పిల్లల్ని నీళ్ళదగ్గర వదిలి మనం వంటల్లో పడిపోతాం. ఒక్క మనిషిని పిల్లల కాపలాకే కేటాయించండి. వంతులు వేసుకోండి. అక్కడి జాలరులు ఎవరైనా "ఇక్కడ దిగొద్దమ్మా" అంటే మారుమాట్లాడకుండా వినండి. వాళ్ళ మాట కూడా ఒక దీపస్తంభమే.

ఇంకొక ప్రాణి సంగతి కూడా చెప్పాలి. చలికాలం చివర మన తీరానికి ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పక్కనే శ్రీకూర్మంలో కూర్మావతారానికి మొక్కి వచ్చిన మనం, ఒడ్డున ఆ తాబేలు గుడ్లున్న చోట తొక్కుకుంటూ తిరిగితే ఏం బాగుంటుంది? గుడ్డులోంచి వచ్చిన పిల్ల రాత్రిపూట సముద్రం మీది వెలుగును చూసుకుని నీళ్ళవైపు నడుస్తుంది. ఒడ్డున మనం పెద్ద పెద్ద దీపాలు పెట్టి కూర్చుంటే దారి తప్పి ఊరివైపు వచ్చి చచ్చిపోతుంది. వెలుగు వుండవలసిన చోట వుంటే దారి, లేకపోతే తప్పుదారి. అందుకని రాత్రివేళ ఇసుక మీద దీపాల హడావుడి చెయ్యకండి. తిన్న ఆకులూ, ప్లాస్టిక్ సంచులూ మూటకట్టి వెనక్కి తెచ్చుకోండి.

ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర, మీరు తినేవాళ్ళయితే, బేరం మరీ గీచి ఆడకుండా కొనండి. తినకపోతే ఒక పలకరింపు చాలు. ఏప్రిల్ 15నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర పడవలకు వేట నిషేధం. చేపలు పెరగడానికి పెట్టిన నియమం అది. ఆ రెండు నెలలూ ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగించడం ఎంత కష్టమో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. మీ పిల్లలు వింటూ వుండగా అడగండి. దీపస్తంభం ఎత్తు ఎంతో బడిలో చెబుతారు. ఈ సంగతి మనమే చెప్పాలి.

దీపం వెలిగించేవాళ్ళకు ఆ వెలుగులో ఎవరు క్షేమంగా ఒడ్డు చేరారో ఎన్నటికీ తెలియదు. అయినా రేపు సాయంకాలం మళ్ళీ వెలిగిస్తారు. మనమూ అంతే. కాకపోతే మన ఇంటి దీపంతోపాటు ఊరి దీపం బాగోగులు కూడా అప్పుడప్పుడూ కనుక్కుంటూ వుంటే, వేటకెళ్ళినవాళ్ళు మన తీరానికే తిరిగివచ్చే రోజులు కాస్త ముందుగా వస్తాయని నా ఆశ.